టీకా కోసం ఒక అబద్ధం

"ఈ టీకా మీకు కాదు పెద్దాయనా. అబ్బాయిని పిల్చుకొని పొండి" అంది నర్సు షహీన్.

వెంకటస్వామి బల్ల ముందు నుంచి కదల్లేదు. "ఏమ్మా, కామెర్లు మనిషిని చూసి వస్తాయా? వీని సావాసగాడు తిరుపాల్ పోయి నెల కూడా కాలా. ఇరవై ఆరేండ్లోడు, లివరు చెడిపోయి వారంలో పాయె. హిందూపురంలో ఏ మందుల షాపులోనూ ఈ టీకా లేదంట. ఇంగ యాడికి పోవల్ల మేము?"

"నిజమే. కానీ ఇవి ఒక సంస్థ పంపిచ్చింది. మగోళ్లతో కలిసే మగోళ్ల కోసం. వాళ్లల్లో కామెర్లు ఎక్కువగా పాకుతాండాయి. ఉండేదే ముప్పై డోసులు."

అప్పుడు చూశాడు వెంకటస్వామి, గోడవార కూర్చున్న మగవాళ్లని. ఒకడు ముఖానికి చేతిరుమాలు కట్టుకున్నాడు. ఇంకొకడు హెల్మెట్టు కూడా తీయలేదు.

"పోదాం పా నాయనా." జగదీష్ తండ్రి చెయ్యి పట్టుకుని లాగాడు.

"ఉండ్రా. భయంతో తిండి మానేసి సగమైనావు. నువ్వూ పోతే మీయమ్మకు ఏం జెప్పల్ల?" కొడుకు చెయ్యి విదిలించుకుని, వెంకటస్వామి బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "నిదర్శనం ఏమన్నా చూపించల్లా తల్లీ?"

"అక్కర్లేదు. ఆయప్ప నోటితో ఔనంటే చాలు."

"అయితే వీడూ అట్లాంటోడే. రాసుకో."

అనేశాడు గానీ, చెయ్యి తనంతట తానే నుదుటి విభూతి మీదికి పోయింది.

షహీన్ జగదీష్ వైపు చూసింది. "ఏమప్పా, ఔనా?"

జగదీష్ నేల చూపులు చూశాడు. తండ్రి మోచేత్తో పొడిచాడు.

"ఔను" అన్నాడు.

సూది పడింది. బస్టాండు దాకా వెంకటస్వామికి నవ్వు ఆగలేదు.

"ఏం నటించినావురా! కండ్లల్లో నీళ్లు గూడా తెచ్చుకుంటివే. పాపం, ఆయమ్మ నిజమే అనుకునింది. నిజంగా నువ్వు అట్లాంటోడివే అయ్యింటే సూది యాల ఏపిస్తా, ఆ కామెర్లకే ఇడ్సిపెట్టింటా!"

ఊరికి పోయే పరిగి బస్సు వచ్చి ఆగింది. వెంకటస్వామి మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దిగాడు. ముఖంలో నవ్వు లేదు.

"లేపాక్షికి పోయొద్దాం పా. వీరబద్రసామి ముందర లెంపలేసుకుంటే గానీ నా మనసు కుదుటపడదు. కన్నకొడుకు మీద ఏ తండ్రీ ఆడకూడని అబద్ధం ఆడినా."

జగదీష్ తల ఎత్తాడు.

"వద్దు నాయనా. నువ్వు అబద్ధమాడలేదు."