ఆవకాయ సీసా మూత

గోడలకు చెవులుండే రోజులు పోయి, నోళ్ళొచ్చిన కాలమది. ముసలివాళ్ళు చివరిదాకా సొంతింట్లోనే ఉండేలా, పొరుగువాళ్ళలో ఎవరు ఎవరికి సాయపడాలో ఇంటి గోడలే పురమాయించేవి.

సన్యాసిరావుకి పడ్డ పని, పైవాటాలో ఉండే నూకరత్నానికి రోజూ ఆవకాయ సీసా మూత తియ్యడం. డెబ్బయ్యెనిమిదేళ్ళ ఆ పెద్దమనిషి విజయనగరం కోట ముట్టడికి వెళ్తున్నంత దర్జాగా మెట్లెక్కేవాడు. "నేను లేకపోతే పాపం ఆవిడకి ముద్ద దిగదు," అని వీధంతా చెప్పుకునేవాడు.

ఆ రోజు మాత్రం మూత కదల్లేదు. పళ్ళు బిగించాడు, పంచె బిగించాడు, ఆంజనేయుణ్ణి తలుచుకున్నాడు. ఊహూఁ.

"ఇటియ్యండి అన్నయ్యగారూ," అంటూ నూకరత్నం సీసా అందుకుని ఒక్క తిప్పుతో తీసేసింది. "నా మతిమరుపు మండ! ఇయ్యేళ ముందుగా వదులు సేసి పెట్టడం మర్సిపోనాను."

సన్యాసిరావు తెల్లబోయాడు. "అంటే, రోజూ నువ్వు వదులు చేసి పెడితేనా నేను తీసింది?"

"ఏటి సేత్తాను? మీ మోకాళ్ళు బిగుసుకుపోతన్నాయట. మీ సేత రోజూ మెట్లెక్కించమని మా గోడ నాకు పురమాయించింది."

సన్యాసిరావు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"రేపట్నుంచి మరీ అంత వదులు చెయ్యకమ్మా, నాకూ కాస్త పౌరుషం ఉంది," అన్నాడు. రెండు మెట్లు దిగాక మళ్ళీ ఆగి గొంతు తగ్గించాడు. "అలాగని మరిచిపోకు."