తాడు పట్టినవాడు

భోజనానికి కూర్చున్న దర్జీ పిడికిళ్లు విప్పలేదు. చేతులకేమైందని భార్య గుచ్చి గుచ్చి అడిగితే, తాడు ఒరుసుకుందని గొణిగాడు. మొన్నమొన్నటిదాకా సూది, కత్తెర తప్ప మరో బరువెరగని చేతులవి.

కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసి దర్జీ కొత్త పనిలో చేరాడు. ఎత్తైన మేడల అద్దాలు తుడిచేవాళ్లు నడుముకు తాడు కట్టుకుని గాల్లో వేలాడుతూ దిగుతారు. పైన అంచు దగ్గర కూర్చుని ఆ తాడు పట్టుకునే పని. ఈ వయసులో అదేం ఖర్మ అని నలుగురూ అడిగితే, చూపు తగ్గింది, సూదిలో దారం ఎక్కట్లేదన్నాడు. నిన్నటికి నిన్న కళ్లజోడు లేకుండానే భార్య జాకెట్టుకు గుండీ కుట్టాడు.

అసలు సంగతి ఆమె అన్న మోసుకొచ్చాడు. లారీలు బాగుచేసే మనిషి, గాలికబుర్లు చెప్పే రకం కాదు.

"బావ తాడు పట్టేది ఎవరికో తెలుసా? మన పిల్లని గుద్దిన లారీ డ్రైవరుకి. జైలు నుంచి వచ్చి అక్కడ చేరాడు."

ఆమె వెళ్లి వీధి తలుపు మూసి వచ్చింది.

బడి నుంచి వస్తూ కూతురు పోయిననాడు ఆమె నేలకేసి తల బాదుకుంది. దర్జీ ఏడవలేదు. కోర్టులోనూ నోరు మెదపలేదు, డ్రైవరు వంక చూస్తూ కూర్చున్నాడంతే. ఆ చూపు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆదివారం చర్చి ప్రార్థనలో, తప్పు చేసినవాళ్లని క్షమించే మాట వచ్చేసరికి ఆమె పెదాలు బిగిస్తుంది. పక్కన దర్జీ పెదాలు కదులుతూనే ఉంటాయి. ఏమంటున్నాడో వినపడదు.

"నిండుకుండ తొణకదంటారు. నాకు ఆ కుండంటేనే భయం," అన్నాడు అన్న. "వాడు పోతే పోయాడు. బావ జైలుకెళ్తే నీ గతేంటి?"

మర్నాడు పొద్దున ఆమె భర్తకు అడ్డంగా నిలబడి, ఆ పని మానేయమంది. కారణం మాత్రం పైకి అనలేకపోయింది.

"ఇంకొన్నాళ్లు. మొదలుపెట్టింది ఇంకా అవ్వలేదు," అని దర్జీ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

డ్రైవరు మీద ఆమెకు ఏ కోశానా జాలి లేదు. చస్తే చావనీ అనుకుంది కూడా. ఆ చావు మొగుడి చేతుల మీదుగా మాత్రం జరక్కూడదు. తలుపుకు గొళ్లెం పెట్టి, కొంగు బిగించి అన్న చెప్పిన మేడ దగ్గరికి నడిచింది.

పైన అంచున దర్జీ కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాడు. కింద, గాల్లో, ఒక బక్క మనిషి. ఆమె చూస్తుండగానే తాడు సర్రున వదులైంది. ఆ మనిషి నిలువెత్తు కిందికి జారి, ఠక్కున ఆగాడు. ఆమె మేడ గోడ దగ్గరికి పరుగెత్తింది.

అతను నేలకు దిగేసరికి ఆమె ఎదురుగా ఉంది. డ్రైవరు గుర్తుపట్టి, రెండడుగులు వెనక్కేసి చేతులు జోడించాడు.

"నీ తాడు ఎవరి చేతిలో ఉందో తెలుసా?"

"తెలుసమ్మా."

"తెలిసే దిగుతున్నావా? ఇటునుంచిటే వెళ్లిపో. ఆయన కడుపులో ఏముందో నాకే తెలీదు. ఇవాళ జార్చాడు, రేపు వదిలేస్తాడు."

డ్రైవరు తలెత్తి అంచువైపు చూశాడు.

"గిలక జారిందమ్మా. ఆపింది ఆయన చేతులే," అన్నాడు. "ఈ మేడకి ఆయన మొదట వచ్చింది ఈ పనికోసం కాదు. పై అంతస్తులో పరదాల కొలతలకు వచ్చారు. ఆ రోజు నేను అంచు మీద నిలబడి ఉన్నాను, నడుముకు తాడు లేకుండా. నన్ను గుర్తుపట్టారు. వచ్చి చెయ్యి పట్టుకున్నారు. అప్పట్నుంచి ఆయన నా తాడు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు."

ఆమెకు అర్థం కాలేదు. తాడు లేకుండా అద్దాలెలా తుడుస్తావని అడిగింది.

"తుడవడానికి ఎక్కలేదమ్మా."