అతుకు

తెగిన ఇంజను బెల్టుని భుజాన వేసుకుని కోత మిల్లు పెద్దాయన వీధి మలుపు తిరగడం చూసి, బెల్టుల షావుకారు గబగబా బీరువా వెనక్కి వెళ్ళి నక్కబోయాడు. పొట్ట అడ్డం వచ్చింది.

"దాక్కోకు. కనిపిస్తున్నావు" అన్నాడు పెద్దాయన గుమ్మంలోంచే.

"ఈసారి తిట్టొద్దు బాబాయ్! ఈ వెడల్పాటి ఫ్లాట్ బెల్టులు ఇప్పుడు చేసేవాడూ లేడు, కొనేవాడూ లేడు. నీ ఒక్కడి కోసం మూతపడ్డ మిల్లులన్నీ గాలించి ఏరుకొస్తున్నా. నువ్వేమో తెచ్చింది తెచ్చినట్టు తెంపేస్తున్నావు."

పెద్దాయన బెల్టుని బల్ల మీద దించాడు. తరవాత రెండు చేతులూ జోడించాడు.

షావుకారుకి భయమేసింది. తిట్లయితే అలవాటే.

"ఏమైంది బాబాయ్?"

"నీ బెల్టు తెగబట్టి నా చెయ్యి మిగిలింది."

అప్పుడు చూశాడు షావుకారు. పెద్దాయన చొక్కా కుడిచెయ్యి చిరిగి పీలికలై వేళ్ళాడుతోంది. మణికట్టు చుట్టూ నల్లగా కమిలింది.

"దుంగ సగం కోశాం. బెల్టు పుల్లీ మీంచి పక్కకి జరుగుతోంది. ఎప్పట్లాగే చేత్తో తోశాను."

"రంపం తిరుగుతుండగానే? ఇంజను ఆపకుండా?"

"ఆపితే ఆ ముసలి ఇంజను మళ్ళీ ఎప్పుడు లేస్తుందో! ఇంట్లో మా ఆవిడదీ ఇదే పాట, ఆపి సర్దమని. చొక్కా పట్టేసిందయ్యా. మా బావమరిది ఇంజను దగ్గరికి పరిగెత్తేలోపు మోచెయ్యి దాకా పోవాల్సిందే. ఫట్‌మని తెగింది. చెయ్యి వదిలింది."

పెద్దాయన ఒక్కసారే ఇన్ని మాటలాడటం షావుకారు ఎన్నడూ వినలేదు.

"ఇన్నాళ్ళూ నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు. ఇలాంటిదే ఇంకోటి ఇవ్వు. తెగేది."

షావుకారు ముఖం విచ్చుకుని, అంతలోనే మాడిపోయింది.

"తెగేదేంటి? నా బెల్టు తెగదు!"

"తెగింది కాబట్టే కదయ్యా దణ్ణం పెట్టాను!"

"ఆ దణ్ణం నువ్వు వెనక్కి తీసుకో. నలుగురూ వింటే నా కొట్టేం కాను?" షావుకారు బెల్టుని వెలుతురులోకి లాగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ళతో తడిమాడు. "చూడు, నిక్షేపంలా ఉంది. విడిపోయింది రెండు చివరలూ కలిపి కుట్టిన అతుకు. అతుకు ఎవరు కుడతారు?"

"మా ఆవిడే. నాకు చూపు ఆనదు."

"దేంతో?"

"నీ తోలు దారంతోనే. బెల్టు తీసుకెళ్ళినప్పుడల్లా ఓ చుట్ట తీసుకెళ్తున్నాగా."

"నా తోలు దారంతోనా! దాంతో ఏనుగుని కట్టేసినా తెగదు. ఏదీ, ముక్క చూపించు."

"రంపపు పొట్టులో ఎక్కడని వెతకను? అయినా అతుకంతా నూనె, పొట్టు పట్టి ఉంటుంది. దారం ఎవడికి కనపడుతుంది?"

షావుకారు ఆ చిరిగిన చొక్కా మరోసారి చూశాడు. లోపలికి వెళ్ళి ఓ బెల్టు చుట్ట దొర్లించుకుంటూ తెచ్చాడు.

"పిండిమిల్లు మూసేస్తుంటే తెచ్చా. నీ కొలతే. నీకోసమే దాచా. ఇక ఇలాంటిది నాకూ దొరకదు, నీకూ దొరకదు. ఉండు, అతుక్కి ఇనప క్లిప్పులు కొట్టిస్తా. ఈ జన్మకి విడదు."

"వద్దులే. ఆవిడకి కోపం వస్తుంది. మిల్లులో అదొక్కటీ తన పని అంటుంది. నన్ను ముట్టుకోనివ్వదు."

"సరే, అయితే ఈ దారం పట్టుకెళ్ళు. కొత్త సరుకు. పాతదానికన్నా గట్టిది. నీ చెయ్యి మిగిలినందుకు ఇది నా తరఫున."

పెద్దాయన తల ఊపి, చుట్ట జేబులో పెట్టుకుని, బెల్టు భుజానికెత్తుకున్నాడు.

ఇంటి దగ్గర భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. ముందు ఆయన కుడిచెయ్యి అందుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి తెరిచి చూసింది. తరవాత బెల్టు చివరలు పట్టుకుని చూసింది.

"క్లిప్పులు గాని కొట్టించలేదు కదా?"

"లేదు. నువ్వే కుడతావని చెప్పా."

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "ఇకనైనా ఇంజను ఆపి సర్దుతారా?"

"ఆపుతాలే."

"ఈ మాట ఇంతకుముందూ విన్నా."

"షావుకారు పుణ్యమే. మంచి బెల్టు ఇచ్చాడు. సమయానికి తెగింది."

ఆవిడ బెల్టు చివరలు వదిలి, "టీ పెడతా, కూర్చోండి" అని వంటింట్లోకి వెళ్ళింది.

పెద్దాయన కూర్చోలేదు. పొద్దుట్నుంచి ఆవిడ ప్రాణం ఆవిడ దగ్గర లేదు, కనీసం దబ్బనమైనా తీసి పెడదామనుకున్నాడు. గోడ గూట్లో ఉన్న ఆవిడ కుట్టు పెట్టె దించాడు. ఆ పెట్టెలో ఆయన ఏనాడూ చెయ్యి పెట్టలేదు. మూత తీశాడు.

పైన దబ్బనం ఉంది. దాని కింద, బస్తాల మూతులు కుట్టే, గట్టిగా లాగితే తెగే పురికొస బంతి. సగం అయిపోయింది. దానికీ కింద, ఇన్నేళ్ళుగా ఆయన మోసుకొచ్చిన తోలు దారాలు, చుట్టలు చుట్టలుగా, కొట్లో వేసిన ముడి వేసినట్టే ఉన్నాయి.

"ఏం వెతుకుతున్నారండీ?" వంటింట్లోంచి అడిగింది.

"ఏం లేదు" అని, జేబులోని కొత్త చుట్టని కూడా వాటి పక్కనే సర్ది, పురికొస బంతి తీసి బెల్టు మీద పెట్టాడు పెద్దాయన.