పచ్చ గీత

"ఇంకెంతసేపు?" అని తలుపులోంచి తల పెట్టి అడగడం పొద్దుటినుంచీ మేనేజరుకి అలవాటైపోయింది. "అయిపోవచ్చింది సార్," అని తల తిప్పకుండా చెప్పడం పొట్టికీ అలవాటైపోయింది.

నిజానికి ఇంకా సగం కూడా కాలేదు.

కంట్రోల్ రూము కిటికీలోంచి రోప్‌వే కేబిన్ కనిపిస్తోంది. ప్లాట్‌ఫారం అంచున, లోయవైపు తిరిగి, తీగకు వేలాడుతోంది. దాని పక్కనే గ్రీజు చేతులతో పొట్టి వాళ్ళన్నయ్య నిలబడి ఉన్నాడు. రోప్‌వే మెకానిక్ అతను. కొత్త బ్రేకు ప్రోగ్రాంతో కేబిన్ మొదటిసారి లోయ దాటేటప్పుడు లోపల ఒక మనిషి ఉండాలి. "నేనుంటాలే, ఇంకెవరుంటారు?" అన్నాడు, బజారుకెళ్ళొస్తానన్నంత తేలిగ్గా. పాత చేతి బ్రేకును నిన్ననే తన చేతులతోనే విప్పి పక్కన పడేశాడు.

ఆ ప్రోగ్రాం రాసింది అతని భార్య. దానికి పరీక్షలు రాసింది అతని చెల్లెలు పొట్టి. అంటే వదినా ఆడపడుచులు ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర. ఒకరు రాయడం, ఇంకొకరు తప్పులు పట్టడం. ఈ ఉద్యోగాలు పంచిన మహానుభావుడికి పెళ్ళయి ఉండదు.

పరీక్షలు వందలకొద్దీ ఉన్నాయి. తీగ తడిస్తే బ్రేకు పడుతుందా? కరెంటు పోతే పడుతుందా? గాలి వీస్తే పడుతుందా? ఇన్నాళ్ళూ వాటిని ఒక్కొక్కటే చేత్తో నడిపేవారు. ప్రోగ్రాంలో ఒక్క లైను మారినా మళ్ళీ మొదటికి రావాల్సిందే. అందుకే పొట్టి ఈ స్క్రిప్టు రాస్తోంది. ఒక్క మీట నొక్కితే అది పరీక్షల ఫోల్డరులోకి వెళ్ళి, కనిపించినవాటినల్లా నడిపి, ఫలితం చెప్పాలి.

"పాసైన వాటి చిట్టా నాకొద్దమ్మా," అన్నాడు మేనేజరు. "ఫెయిలైతే ఎర్రగా చూపించు. ఏదీ ఫెయిల్ కాకపోతే ఒక పచ్చ గీత. అంతే."

పొట్టి అలాగే రాసి, మీట నొక్కింది. పరీక్షలు ఒకదాని వెనక ఒకటి నత్తనడకన సాగాయి. ఆఖరికి తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. గాలి జోరెక్కితే బ్రేకు ఆలస్యంగా పడుతోంది.

బయట గాలి అప్పటికే చెట్లను ఊపేస్తోంది.

"నీ పరీక్షే తప్పేమో చూసుకో," అంది వదిన.

"చూశాను వదినా. తేడా బ్రేకులోనే ఉంది."

"ఇంట్లో నా వంటకి వంకలు పెడతావు, పోనీలే అని ఊరుకున్నాను. ఇక్కడా మొదలెట్టావా?"

"వంట బాగాలేకపోతే అన్నయ్య ఆ పూటకి పస్తుంటాడు. ఇది బాగాలేకపోతే..."

వదిన ముఖం పాలిపోయింది. కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పొట్టికి తన నోటి దురుసు మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే స్క్రిప్టు మీద పడింది. ఒకదాని వెనక ఒకటిగా కాకుండా పరీక్షలన్నీ ఒకేసారి నడిచేలా మార్చింది.

"ఇంకెంతసేపు?" తల మళ్ళీ వచ్చింది. "మన కంపెనీ పెద్దాయన కారు గేటు దాటిందమ్మా!"

వదినకి కంగారు పుడితే చేతులు ఊరికే ఉండవు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే చాలు, అలమారాలన్నీ సర్దిపారేస్తుంది. ఆ తర్వాత వారం రోజులు కత్తెర కోసం ఇల్లంతా వెతుక్కోవాలి. ఇప్పుడూ అంతే. వేళ్ళు టకటకలాడిస్తూనే ఉంది.

"గాలి లెక్క సరిచేశాను," అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. "అన్నీ కలగాపులగంగా ఉంటే, పనిలో పనిగా నీ పరీక్షల ఫైళ్ళు కూడా సర్దేశాను. ఇక నొక్కు."

పొట్టి ఊపిరి బిగబట్టి నొక్కింది.

రెప్ప వాల్చేలోగా పచ్చ గీత వచ్చింది.

"అప్పుడే?" అంది వదిన నమ్మలేనట్టు.

"మరేమనుకున్నావు! అన్నీ ఒకేసారి నడిపించాగా." పొట్టికి ప్రాణం లేచొచ్చింది.

వదిన బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీ నోరు మంచిది కాదు గానీ అమ్మాయ్, నీ పని మంచిది."

మేనేజరు కిటికీలోంచి సగం బయటికి వంగి "పచ్చే!" అని అరిచాడు. అన్నయ్య కేబిన్ ఎక్కాడు. తలుపు వేసుకోబోతూ తల బయటపెట్టాడు.

"పొట్టీ! నేనొచ్చేసరికి టీ పెట్టి ఉంచు. మీ వదినది మాత్రం వద్దు!"

వదిన కన్నీళ్ళతోనే పళ్ళు కొరికింది. కేబిన్ ప్లాట్‌ఫారం వదిలి జారింది. గాలికి ఒకసారి ఊగి, నిలదొక్కుకుని, ముందుకు సాగింది. వదిన కిటికీ అంచు వదలకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది.

పొట్టికి అటు చూసే ధైర్యం లేకపోయింది.

"అమ్మాయీ, రెప్పపాటులో ఎన్ని పరీక్షలు నడిపించామో పెద్దాయనతో గొప్పగా చెప్పాలి," అన్నాడు మేనేజరు చేతులు రుద్దుకుంటూ. "ఆ అంకె కూడా తెరమీదికి రప్పించు."

చేతులకి పని దొరికిందని సంబరపడింది పొట్టి. స్క్రిప్టు చివర ఒక్క లైను చేర్చి, మళ్ళీ మీట నొక్కింది. అవతల కేబిన్ లోయ నడిమికి చేరుకుంటోంది.

అంతే వేగంగా అదే పచ్చ గీత వచ్చింది, దాని కింద కొత్త లైను కూడా వచ్చింది: "నడిచిన పరీక్షలు: సున్నా."