కుండ కింద కుదురు

"ఏమ్మా జయంతీ, మా అనంతపురం ఎండకు మీ లేజరు సొమ్మసిల్లినట్టుండాదే!" తెర మీది ఎర్ర అంకెలు చూసి నవ్వాడు హనుమంతరాయుడు. ఆ కేబులు లైనంతటికీ ఆయనే పెద్ద ఇంజనీరు.

జయంతి నవ్వలేదు. బెళుగుప్ప రోడ్డు పక్కనున్న ఆ ఒంటిగది కేబులు స్టేషనుకు పొద్దున్నే వచ్చింది. ఆమె తెచ్చిన లేజరు, కేబులు లోపలి గాజు తీగలో ఇప్పటికన్నా నాలుగింతల వేగంతో సమాచారం పంపాలి. మూడేండ్ల కష్టం. తీరా చూస్తే అవతలి కొసకు చేరేవన్నీ తప్పులే.

"లైన్లోనే ఏమో ఉండాది సార్. యాడన్నా తీగ బిర్రుగా వంగినాదేమో."

"అదే లైన్లో పాత లేజరు బాగానే పోతాంది గదమ్మా?"

"పాతది నిదానం సార్. తీగ వంగి వెలుగు కొంచెం తగ్గినా నెట్టుకొస్తాది. వేగం పెరిగితే చిన్న వంపును కూడా తట్టుకోలేదు."

మూలన కూర్చున్న శశి తెర వైపే చూస్తున్నాడు. అతనూ బెంగుళూరు నుంచి జయంతి వచ్చిన జీపులోనే వచ్చాడు. ఒళ్లో ఇంకా విప్పని నల్ల పెట్టె ఉంది.

జయంతి బయటికి వచ్చింది. వాచ్‌మన్ ఆదెన్న చెంబుతో నీళ్లిచ్చాడు. మే నెల ఎండలో ఆ నీళ్లకు పళ్లు జివ్వుమన్నాయి.

"యాడివన్నా ఇంత సల్లని నీళ్లు?"

"కుండవి మేడం." కుండ ఎక్కడుందో చెప్పలేదు.

"ఎనక గుంతలో కేబులు చుట్ట ఉంటాది గదా, దాన్ని ఎవురన్నా ముట్టుకున్నారా?"

"ల్యా మేడం. నేను ఈడనే ఉండానే, ఎవురు ముట్టుకుంటారు?"

"ఊరికే అడిగినాలే. ఈ పొద్దు ఇది పాస్ కాకపోతే మా ల్యాబే మూసేస్తారన్నా. పన్నెండు మందిమి." చెంబు ఖాళీ చేసి అతని చేతికిచ్చింది. "నీ పుణ్యమా అని గొంతన్నా తడిసింది."

ఆదెన్న తల ఎత్తలేకపోయాడు.

స్టేషను వెనక సిమెంటు మూత వేసిన గుంత ఉంది. ఎప్పుడైనా తెగితే అతకడానికని మిగులు కేబులును అందులో పెద్ద చుట్టగా వదిలారు. లోపల మహా చల్లన. అందుకే ఆదెన్న నీళ్ల కుండను అందులోకి దించుకున్నాడు. కుండ దొర్లకుండా కుదురు కావాలి కదా. వెడల్పుగా ఉన్న ఆ చుట్టనే బిర్రుగా లాగి, కుండ అడుగుకు సరిపోయేలా జనపతాడుతో కట్టేశాడు.

చెబితే పని పోతుంది. చెప్పకపోతే, ఆ పన్నెండు మంది?

లోపల అన్నానికి కూర్చున్నారు. "తిన్నాక ఇంగో పరీక్ష పెడదాం" అంటున్నాడు హనుమంతరాయుడు. ఆ మాట వినగానే ఆదెన్నకు ప్రాణం లేచి వచ్చింది.

గుంత మూత తీశాడు. కుండను పైకెత్తి ఎండలో పెట్టాడు. తాడు కోసి, చుట్టను మునుపటిలా వదులుగా పరిచాడు. ఎవరూ చూడలేదు. చెప్పే పని లేకుండానే తప్పు దిద్దుకున్నానని ఊపిరి పీల్చుకున్నాడు.

రెండు గంటలకు లోపల చప్పట్లు మోగాయి. కిటికీలోంచి తొంగి చూస్తే తెర మీద అంతా పచ్చ. "ఒక్క తప్పు కూడా ల్యాదప్పా!" అంటున్నాడు హనుమంతరాయుడు.

ఆదెన్న చెంబు ముంచుకుని ముందువైపు పరుగెత్తాడు. జయంతి మెట్టు మీద కూర్చుని ఉంది.

"పాసయిపాయ గదా మేడం! ఇంగ మీ ల్యాబు మూయరు గదా!"

ఆమె చెంబు అందుకుని ఒక గుక్క తాగి ఆగింది. నీళ్లు వేడెక్కాయి.

"పాసయింది శశి వాళ్ల కంపెనీ లేజరన్నా, మాదాని వేగానికే. లైన్లో ఏ లోపమూ లేదని తేలిపాయ."