మన చేను టమాటలు

“ఇయ్యాల ఎన్ని బాక్సులెల్లినయ్?” మంచం మీది నుంచే అడిగాడు మొగులయ్య.

“రెండు,” అంది సత్తెమ్మ, కొంగులోని టమాటలు చాటలో పోస్తూ. ముఖం మాత్రం పొయ్యి వైపు తిప్పుకుంది.

మొగులయ్య ట్రాక్టర్ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని నెల దాటింది. తొడ దాకా పిండికట్టు వేసి, మృగశిర కార్తె దాకా అడుగు కింద పెట్టొద్దన్నారు దవాఖానలో. మహేశ్వరం పక్కన వాళ్లకున్న రెండెకరాల చుట్టూ అప్పటికే ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. “ఈ పంట గూడ పోయిందంటే ఇగ అమ్ముడే,” అని ఎండాకాలం మొదట్లోనే తేల్చేశాడతను.

అతను పడిన పదో రోజున బోరు ఎండిపోయింది. కాపు మీదున్న మొక్కలు నిలువునా మాడాయి. సత్తెమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చి ఏడ్చి, ఇంటికొచ్చి ఇంటర్ చదివే కూతురు కళ్యాణికి మాత్రం చెప్పింది.

“బాపుకు చెప్పకు బిడ్డా. వానలు పడితే బోరుల నీళ్లొస్తయ్. అందాక ఏదో ఒకటి చేస్త.”

“ఏం చేస్తవమ్మా?”

అది ఆమెకూ తెలియదు. మర్నాడు పొద్దున పక్క చేను సోమయ్యే కేకేసి పిలిచాడు. అతని బోరు ఇంకా పోస్తోంది.

“చెల్లే, నా తాన టమాట తెంపెటోళ్లు దొర్కుతలేరు. కూలికొస్తవా? పొయ్యేటప్పుడు ఇంటికిన్ని పట్కపో. ఊకె మురిగిపోతున్నయ్.”

“వస్తగని, మా ఆయనకు చెప్పకన్నా.”

తల మీదుగా పోయే విమానం మోత తగ్గేదాకా ఆగాడు సోమయ్య. “నాకేం పని చెల్లే, నేనెందుకు చెప్త?” అన్నాడు.

అప్పటి నుంచి పగలంతా సోమయ్య చేనులో పని, పొద్దుగూకితే మొగుడికి సొంత చేను కబుర్లు. మొగులయ్య ప్రశ్నలకు అంతుండేది కాదు.

“పురుగు పట్టిందా?”

“లేదు.”

“తూర్పు మడికి నీళ్లందుతున్నయా?”

“మస్తుగ.”

పూత గురించి, కాత గురించి చెబుతూ చెబుతూ ఒక్కోసారి ఆమే నమ్మేసేది. ఒకనాడు పచ్చడి నంజుకుంటూ, “ఏమన్న అను, మన మట్టి రుచే వేరు,” అన్నాడు మొగులయ్య. కళ్యాణికి పొలమారింది. సత్తెమ్మ గబుక్కున నీళ్లందించింది.

ప్లాట్ల ఏజెంటు రెండుసార్లు వచ్చాడు. “పంట మంచిగున్నది. ఎందుకమ్ముత?” అంటూ మొగులయ్య మంచం మీది నుంచే పంపేశాడు. ఆ రెండు పూటలూ సత్తెమ్మకు ముద్ద దిగలేదు.

మృగశిరలో కట్టు విప్పారు. ఇంటికి వచ్చీ రాగానే మొగులయ్య కర్ర అందుకున్నాడు.

“పా, చేనుకు పోదాం.”

సత్తెమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

“ఏడికయ్యా? చేనుల ఏం లేదు. నువ్వు పడ్డ పదో దినమే బోరెండింది. చెప్తే అమ్ముతవని గిన్ని దినాలు అబద్ధం చెప్పిన.” ఆమె చెంపల మీదుగా కన్నీళ్లు కారాయి. “నువ్వు తిన్నయన్నీ సోమయ్యన్న చేను టమాటలు.”

మొగులయ్య కోప్పడలేదు. భుజం మీది తువ్వాలతో ఆమె చెంపలు తుడిచాడు.

“ఎరుకే సత్తెమ్మా, ఆనాడు నువ్వు బిడ్డకు చెప్పంగ మంచం మీద పండి ఇన్న. నిన్ను పిలువుమని సోమయ్యకు ఫోన్ చేసిందే నేను.”