భుజం మీద కోత

వానాకాలం దగ్గరపడింది. ఖానాపూర్ అడవిలో బీట్ ఆఫీసర్‌గా పనిచేసే నవీన, మైనం పూసిన తన వాన కోటును భర్త ముత్యానికి ఇచ్చింది.

"భుజం కాడ ముల్లు గీరింది. కుట్టి మైనం రుద్దు."

పొయ్యి మీద మైనం కరుగుతోంది. ముత్యం చన్నీళ్ల గుడ్డతో కోటుకంటిన బురద తుడిచాడు. సూదిలో దారం ఎక్కించి, చిరుగు చూసి ఆగిపోయాడు. బట్ట నున్నగా తెగింది.

"ఇది గొడ్డలి దెబ్బ. ఎవడు?"

"టేకు నరుకుతుంటే అడ్డం పోయిన. నాకేం కాలే, ఇడిసెయ్."

"పేరు చెప్పు."

నవీన కోటు మీది కోతను అరచేత్తో మూసింది.

"నీ తమ్ముడు. గందుకే చెప్పలే."

ముత్యం పొయ్యి ఆర్పేశాడు. కోటును కుట్టకుండా అట్లాగే మడిచి చంకన పెట్టుకున్నాడు.

"నడువు, ఠాణాల ఇచ్చొద్దాం."